కొండల్లో గోల్‌!

ఫుట్‌బాల్‌ అనగానే బెంగాల్‌, గోవా, కేరళ గుర్తొస్తాయి. వాటి సరసన మిజోరం కూడా చేరింది. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభా సుమారు 11 లక్షలే. అంతా కొండలే కావడంతో మైదానానికి చదునైన నేల దొరకడమూ కష్టమే. అయినా పిల్లలకు ఆటంటే ప్రాణం. ఆ ఇష్టానికి దారి చూపింది 2012లో మొదలైన మిజోరం ప్రీమియర్‌ లీగ్‌. స్థానిక కేబుల్‌ టీవీ ఆ మ్యాచ్‌లను ఇళ్లకు చేర్చింది. 2014లో రాష్ట్ర జట్టు తొలిసారి సంతోష్‌ ట్రోఫీ గెలిచింది.

ఐజ్వాల్‌ ఎఫ్‌సీ కథ మరీ విచిత్రం. 2016లో ఐ-లీగ్‌ నుంచి కిందికి జారింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దక్కింది. స్థానిక కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న ఆ జట్టే 2017లో కోల్‌కతా దిగ్గజాలను వెనక్కి నెట్టి ఛాంపియన్‌ అయింది! ఈశాన్యం నుంచి ఐ-లీగ్‌ గెలిచిన తొలి క్లబ్బు అదే. సొంతగడ్డమీద ఓ మంచి లీగ్‌ ఉంటే చిన్న రాష్ట్రమైనా పెద్ద జట్లకు దీటుగా నిలుస్తుందన్నమాట.