ఊరి పెద్దకు ఊరుకోవడం తగునా?

మురుగు కాలువలూ మంచినీళ్ల కుళాయిలూ చూసుకోవలసిన మేయరుకు వలస చట్టాలతో ఏం పనండీ? అమెరికాలో కొందరు మేయర్లు తమ కేంద్ర ప్రభుత్వంతో వాదులాడుతున్న వైనం పత్రికలో చదివి, మా పటమటలో ఒక రిటైర్డు తాసిల్దారుగారు వేసిన ప్రశ్న ఇది. అనుమానం సబబైనదే. మన రాజ్యాంగంలో కూడా పాస్‌పోర్టులూ వీసాలూ కేంద్రం జాబితాలోవి. పురపాలక సంఘాలకు పన్నెండో షెడ్యూలు చెప్పిన 18 అంశాలలో రోడ్లున్నాయి, నీళ్లున్నాయి, శ్మశానాలు కూడా ఉన్నాయి గాని వీసాలు లేవు. అమెరికాలోనూ వలస వ్యవహారం కేంద్రానిదే.

మరి అక్కడి నగర పెద్దలు ఎందుకు మాట్లాడుతున్నారు? కారణం బహు సామాన్యమైనది. 1979లోనే లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ ఒక ఉత్తరువు చేసింది: వలస స్థితి తెలుసుకోవడం కోసమే ఎవరినీ పట్టుకుని ప్రశ్నించకూడదని. వీసా అడుగుతారన్న భయముంటే దొంగతనం జరిగినా ఎవరూ ఠాణా మెట్లెక్కరు, సాక్ష్యం చెప్పరు. దానివల్ల బాగుపడేది దొంగ ఒక్కడే. 1985లో షికాగో మేయరు హెరాల్డ్ వాషింగ్టన్ కూడా ఇటువంటి ఆజ్ఞే జారీ చేశారు.

ఇది మనకు సంబంధించని గొడవ అనుకోకండి. మన వీధిలోని ఏ తల్లి బిడ్డో అక్కడ రాత్రిపూట పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడనుకోండి. ఎవడో తుపాకి చూపి డబ్బు లాక్కుపోతాడు. వీసా నిబంధన ప్రకారం ఆ పని చేయకూడదు గనుక, కుర్రవాడు నోరు మూసుకుంటాడు. అతను ఠాణాకు వెళ్లగలడా, లేదా అన్నది ఆ ఊరి మేయరు వైఖరిమీద కూడా ఆధారపడి ఉంటుంది.

అందరు పెద్దలూ ఒకే మాటమీద లేరు లెండి. 1996 నాటి చట్టం ప్రకారం కేంద్రంతో ఒప్పందం చేసుకుని, తమ పోలీసులచేత వలస తనిఖీలు చేయిస్తున్న ఊళ్లూ ఉన్నాయి. చట్టం చట్టమే కదా అని వారి వాదన. దాన్నీ కొట్టిపారేయలేము. 2025 మార్చి 5న బోస్టన్, షికాగో, డెన్వర్, న్యూయార్క్ మేయర్లను వాషింగ్టన్‌కు పిలిపించి, ప్రతినిధుల సభా సంఘం గంటల తరబడి నిలదీసింది. వారు వెళ్లారు, సమాధానం చెప్పారు.

చట్టాన్ని అమలు చేసే పద్ధతిని ఎవరో ఒకరు ప్రశ్నించకపోతే ఏమవుతుందో మన తెలుగువారికి బాగా తెలుసు. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని 2015లో ఒకటి వెలిసింది. అధ్యాపకులు లేరు, పాఠాలు లేవు, ఫీజు మాత్రం ఏడాదికి దాదాపు 12,000 డాలర్లు! దాన్ని నడిపింది సాక్షాత్తు అమెరికా వలస శాఖవారే. సుమారు 600 మంది చేరారు. ఎక్కువమంది మనవాళ్లే. 2019 జనవరి నెలాఖరున అరెస్టులు మొదలై, ఆ ఏడాది చివరికి సుమారు 250 మంది దాకా పట్టుబడ్డారు. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం వాదన. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని దొంగను పట్టడం వేరు, ఎర వేసి దొంగను తయారుచేసి పట్టడం వేరు. మన విదేశాంగ శాఖ ఆ ఫిబ్రవరిలో అమెరికా రాయబార కార్యాలయానికి ఆందోళన తెలియజేసింది. నవంబరులో సెనేటరు ఎలిజబెత్ వారెన్ అది క్రూరమన్నారు. చివరికి 2024 జూన్‌లో, ఫీజు నష్టపోయిన విద్యార్థి ప్రభుత్వంమీద వేసిన దావా విచారణకు తగినదేనని అప్పీలు కోర్టు తేల్చింది. ఎవరో ఒకరు నోరు విప్పబట్టే ఆ మాత్రమైనా జరిగింది.

కాబట్టి తాసిల్దారుగారికి నా మనవి ఇది. చట్టం ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో పుట్టవచ్చు గాని, తలుపు తట్టేది ఏదో ఒక ఊరి వీధిలోనే. ఆ వీధి పెద్దకు అధికారం లేకపోవచ్చు, నోరుంది గదా! మన పెద్దలకైతే కాస్త అధికారం కూడా ఉంది. విదేశీ చదువుల కన్సల్టెన్సీ వీధిలో బోర్డు పెట్టాలంటే అనుమతి ఇవ్వవలసింది నగరపాలక సంస్థే. రేపు వోటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని, కుళాయి సంగతితోపాటు ఈ బోర్డుల సంగతి కూడా అడిగి చూడండి.