రంగు దీపాల డబ్బా మాకొద్దు

"మీకు తెలీదాంటీ, పిల్లలు ఈ లైట్లే అడుగుతారు" అన్నాడు షాపబ్బాయి. తెలీదనే అనుకుందాం. చీటీ పాడి తెచ్చిన 40 వేలు నావి. పాల్వంచలో రెండు గదుల ఇల్లు మాది. పక్క గదిలో అత్తయ్య తొమ్మిదింటికే పడుకుంటారు. రాత్రంతా ఆ మోత భరించేది మనమైనప్పుడు, అడిగే హక్కు మనకుండదా అండీ?

గేమ్స్ ఆడే కంప్యూటర్ మోగాల్సిందే అంటారు. మోతకు మూలం వేడి. ముందు వైపు అద్దం బిగించేసి గాలి రానివ్వకపోతే లోపలి ఫ్యాన్లు గింజుకోక ఏం చేస్తాయి? మూత బిగించి మంట పెంచినట్టే. పైగా మన వైపు మే నెల ఎండలు!

నేనడిగినవి వేరు. ముందు జాలీ ఉన్న కేబినెట్, నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డి. రైజెన్ 5 5600జీ తీసుకుంటే గ్రాఫిక్స్ దాంట్లోనే ఉంటుంది, 65 వాట్లది. మావాడి వాలరెంట్‌కి విడిగా కార్డెందుకు, దానికో ఫ్యానెందుకు? ఆ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కనక 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించాలి. అప్పుడే వేగం.

నాకు ఒళ్లు మండింది పవర్ సప్లై దగ్గర. దీపాలకు డబ్బుందట, 80 ప్లస్ గుర్తున్న సప్లైకి లేదట! కరెంటు వృథా అయ్యే కొద్దీ అదీ వేడేగా.

బిల్లులో లైట్లు కొట్టేయించాను. మావాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. అత్తయ్య మాత్రం, వాడు ఆడుతుండగానే వచ్చి, "ఇంకా ఆన్ చెయ్యలేదేంట్రా?" అన్నారు.