బడిలో ఎవరు మాట్లాడాలి?



పోయిన వేసవిలో కాణిపాకం దగ్గరి ఒక పల్లెలో మా బంధువుల ఇంట నాలుగు రోజులు గడిపాను. నేను రిటైరైన టీచరునని తెలిసి పక్కింటాయన తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయనది బెల్లం గానుగలో కూలిపని. పిల్లవాడు నాలుగో తరగతి ముగించాడు.

“మావోడు తెలుగు వాచకమంతా గడగడా చదివేస్తాడు టీచరమ్మా. వీణ్ణి చిత్తూరులో హాస్టలున్న ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చాలని ఉంది. ఇంటామె కమ్మలు కుదువ పెడదామనుకుంటున్నాం” అన్నాడు.

పిల్లవాడు నిలబడి పుస్తకం తెరచి ఒక పాఠం తప్పు లేకుండా చదివాడు. తండ్రి ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం పిల్లవాని వేలు చూస్తున్నాను. నోరు మూడో వరుసలో ఉంటే వేలు ఐదో వరుసలో ఉంది. “నాయనా, ఈ మాట చదువు” అని మధ్యలో ఒకటి చూపించాను. వాడు తల దించుకున్నాడు. పాఠమంతా నోటికి వచ్చు. చదవడం మాత్రం రాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెబితే ఆ తండ్రి గుండె నొచ్చుకుంటుంది. చెప్పకపోతే కమ్మలు పోతాయి, తెలియని భాషలో ఆ బిడ్డ ఇంకా ఎక్కువ బట్టీ పట్టవలసి వస్తుంది. ఇలాంటి పిల్లలను నేను కూడా తయారుచేశాను గనుక నా మనస్సు మరింత బాధపడింది.

మన బడులలో ఎక్కువగా నడిచే పద్ధతి మీకు తెలిసినదే. అయ్యవారు చెబుతారు, పిల్లలు వింటారు, అందరూ ఒక్క గొంతుతో వల్లె వేస్తారు. అయ్యవారు నిండు కుండ, పిల్లవాడు ఖాళీ చెంబు. కుండ వంచితే చెంబు నిండుతుందని నమ్మకం. 1960లలో బ్రెజిల్ దేశంలో పొలం కూలీలకు అక్షరాలు నేర్పిన పౌలో ఫ్రెయిరే ఈ పద్ధతిని బ్యాంకులో డబ్బు వేయడంతో పోల్చాడు. నలభైమంది ఒక్కసారి అరచినప్పుడు రాని పిల్లవాడు ఆ గొంతుల మధ్య హాయిగా దాక్కోగలడు. అయ్యవారికి తెలియదు, తల్లికి తెలియదు. కొన్నాళ్ళకు వానికే తెలియకుండా పోతుంది.

మన పాత అరుగు బడులలో మరొక పద్ధతి కూడా ఉండేది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక వ్రాశాడు. పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాసేవారు. ముందు నేర్చిన పిల్లలు వెనుకటి పిల్లలకు నేర్పేవారు. దానివలన తాము నేర్చినది కూడా గట్టిపడేదని ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియని పద్యాలను వల్లె వేయడాన్ని మాత్రం లోపమని చెప్పాడు. అంతకు ముందే మద్రాసులో అనాథ బాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ గురువు ఈ ఇసుక వ్రాతను, పిల్లలు పిల్లలకు చెప్పే విధానాన్ని తీసుకొని, 1797లో లండనులో పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లండులో పేదపిల్లల బడులు ఎన్నో ఆ పద్ధతిలో నడిచాయి. ఇంత మంచి పద్ధతి పుట్టిన ఆ అరుగుల మీద ఆడపిల్లలు చాలా తక్కువ. దళిత కుటుంబాల బిడ్డలకు సాధారణంగా చోటే ఉండేది కాదు. ఆ సంగతి కూడా మనం మరువకూడదు.

ఇక నా సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1989 నుండి విస్తరించినప్పుడు, బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో ఉపాధ్యాయులకు తరిఫీదులు జరిగాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒక్కొక్కరుగా, గుంపులుగా పని చేయాలి, వారు చేసినవి గోడలకు పెట్టాలి అని నేర్పారు. నేను కూడా వెళ్ళాను. తిరిగి వచ్చి పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టాను, దారాలు కట్టి బొమ్మలు వేలాడదీశాను. పరిశీలనకు వచ్చినవారు మెచ్చుకున్నారు. కాని మాట్లాడింది మాత్రం నేనే! పిల్లలు గుండ్రంగా కూర్చొని, నేను చెప్పింది మునుపటిలాగే వల్లె వేశారు. కూర్చునే తీరు మారింది గాని ఎవరి పని ఏమిటన్నది మారలేదు.

అది నిజంగా మారిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. మదనపల్లె ప్రాంతంలో జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం చిన్న బడులు నడిపింది. అక్కడ 1980ల చివరి నుండి పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతిని రూపొందించారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు. పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నిచ్చెనలాగా గోడకు పెట్టారు. ప్రతి మెట్టుకు కార్డులు, వాటిమీద గుర్తులు ఉంటాయి. పిల్లవాడు తానే నిచ్చెన దగ్గరికి వెళ్ళి, తానున్న మెట్టు చూసుకొని, ఆ గుర్తుగల కార్డు తీసుకుంటాడు. కొత్త సంగతి నేర్చేవారు టీచరు దగ్గర కూర్చుంటారు; కొందరు తోటి పిల్లల సాయంతో, మరికొందరు ఒంటరిగా పని చేసుకుంటారు. జ్వరం వచ్చి పది రోజులు మానినవాడు తిరిగి వస్తే, విడిచిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. పాఠం వాని కోసం ఆగి ఉంటుంది.

ఇక్కడ టీచరు పని తగ్గిందనుకోకండి, పెరిగింది. ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో ఆమెకు తెలియాలి. ఈ పద్ధతిని చూసి తమిళనాడు వారు 2003లో చెన్నై కార్పొరేషన్ బడులలో ప్రారంభించి, 2007–08 నాటికి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించారు. 2009 విద్యాహక్కు చట్టం సైతం పిల్లలు పనుల ద్వారా, వెదకి తెలుసుకోవడం ద్వారా నేర్వాలని చెబుతున్నది.

అయితే టీచరు చెప్పడమే తప్పా? కాదు. ఎక్కం వల్లె వేయాలి, అక్షరం చూపించాలి. కాని మన గానుగ దగ్గర చూడండి. పాకం ఎప్పుడు దించాలో పెద్దాయన ఉపన్యాసం చెప్పడు. కొంచెం పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూపిస్తాడు. తరువాత కుర్రవాని చేతికి ఇచ్చి “వచ్చిందా, చెప్పు” అంటాడు. వాడు తప్పు చెబితే మళ్ళీ చూడమంటాడు. చూపడం పెద్దవాని పని. చేసి చూసి చెప్పడం నేర్చేవాని పని. పన్నెండేండ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని వినడమే గాక ప్రశ్నలు కూడా అడిగాడని మన పిల్లలకు సండే స్కూలులో చెబుతాము గదా. మన బిడ్డ ప్రశ్న అడిగితే మాత్రం “నోరు మూసుకో” అంటాము.

తెల్లవారి ఆ తండ్రిని పిలిచి ఉన్న సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కోపంగా, “అయితే ఇన్నేండ్లు బడికి పోయి వాడేం చేసినాడు టీచరమ్మా?” అన్నాడు.

“విన్నాడు నాయనా. వానిని ఎవరూ వినలేదు” అన్నాను.

తలిదండ్రులారా, చదువురాని వారు సైతం చేయగల పనులు నాలుగున్నాయి. సాయంకాలం బిడ్డను పుస్తకంలో మీరు వేలు పెట్టిన చోట చదవమనండి. తడబడితే కొట్టకండి, అక్కడినుండే నేర్పాలని తెలుస్తుంది. తాను నేర్చినది తమ్మునికో చెల్లెలికో చెప్పమనండి. “ఈ రోజు అయ్యవారు ఏమి చెప్పారు?” అని మాత్రమే గాక “నువ్వు ఏమి అడిగావు?” అని కూడా అడగండి. బడికి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు, “మా బిడ్డ ఎక్కడ ఆగాడు?” అని టీచరును మర్యాదగా అడగండి.

ఆ కమ్మలు ఈ సంవత్సరం కుదువ పెట్టలేదు. బడిలో కొత్తగా వచ్చిన టీచరు పిల్లవానిని రోజూ కాసేపు దగ్గర కూర్చోబెట్టుకుంటున్నదట. ఇంటివద్ద వాడు చెల్లెలికి అక్షరాలు దిద్దిస్తున్నాడు. మొన్న ఫోనులో నాకు మూడు వాక్యాలు చదివి వినిపించాడు. మునుపటిలాగా గడగడా కాదు. ప్రతి మాట దగ్గర ఆగి, కూడబలుక్కొని చదివాడు. మధ్యలో ఒక మాటకు అర్థం ఏమిటని నన్నే అడిగాడు.