మంచులో మావారు, చెక్కల మీద నేను

ముప్పై రెండేళ్లు పటాన్‌చెరులో బాయిలర్ పక్కన డ్యూటీ చేసిన మనిషికి రిటైరయ్యాక ఏం కావాలనిపిస్తుంది? కాశీ అంటారా? మనవళ్లంటారా? మావారికి మంచు కావాలనిపించింది. చూడ్డానికి కాదండోయ్, జారడానికి!

2023 జూన్‌లో రిటైరయ్యారు. డాబా మీద ఇంకో స్లాబు వేద్దామని దాచిన డబ్బుంది. అందులో మూడో వంతు తీసి ఆ చలికాలం స్కీయింగ్ నేర్చుకుందామన్నారు. అదీ ఒక్కచోట కాదు. ఉత్తరాఖండ్‌లో ఔలీ, మనాలీ పైన సొలాంగ్, కశ్మీరులో గుల్మార్గ్. ఆయనకు యాభై ఎనిమిది, నాకు యాభై రెండు. మంచుతో నాకున్న పరిచయమల్లా 2004లో హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నోవరల్డ్ తెరిచిన కొత్తలో పిల్లల్ని తీసుకెళ్లి గంటసేపు వణికి రావడమే. మా జిల్లాలో కోహీర్ చలి ఏటా పేపరుకెక్కుతుంది గానీ, అక్కడా మంచు పడదు కదా.

తులసి కోటకు నీళ్లు పోయమని పక్కింటావిడకు తాళం ఇస్తూ సంగతి చెప్పాను. ఆవిడ నోటిమీద వేలేసుకుంది. "జారుడువడనీకి గంత దూరం పోతున్నరా వదినా? మా బోరు కాడ పాచి వట్టి ఉన్నది, పుక్కట్ల జారుండ్రి!" అంది.

మా డాక్టరు మాత్రం నవ్వలేదు. మావారికి బీపీ ఉంది, మెట్లెక్కితే కాస్త ఆయాసమూ ఉంది. "ఎత్తుకు మెల్లగా వెళ్లండి. ఊపిరి ఆడకపోతే పట్టుదలకు పోకుండా దిగిపోండి" అన్నారు. ఆ రెండో వాక్యం మావారికి వినపడలేదు. బాయిలర్ హోరులో పనిచేసినవాళ్లకు అక్కర్లేనివి వినపడవు లెండి.

సంక్రాంతి మర్నాడు ఢిల్లీ రైలెక్కాం. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా రోడ్డు మీదే రెండు రోజులు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ... ప్రతి సంగమం దగ్గరా నేను దండం పెట్టడం, ఆయన టైము చూసుకోవడం. జోషీమఠ్‌లో ఇళ్ల గోడల మీద పగుళ్లు కనిపించాయి. 2023 జనవరిలో ఆ ఊరి నేల కుంగిపోయిందని టీవీల్లో చూశాం కదా, అప్పుడే ఔలీ రోప్‌వే కూడా ఆపేశారు. జీపులో పైకి వెళ్లాం. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి వెండిలా మెరుస్తోంది. కాళ్ల కింద మాత్రం ఎండిపోయిన గడ్డి! 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో మంచు పోటీలు పెట్టిన వాలు అది. సంక్రాంతి కోతలయ్యాక మా ఊరి చేలు ఎలా ఉంటాయో అలా ఉంది.

ఆ జనవరిలో హిమాలయాల్లో చాలాచోట్ల అదే గతి. మనకు నైరుతి ఎలాగో, ఆ కొండలకు చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే గాలులు అలాగట. అవి బలంగా వస్తేనే మంచు. ఆ ఏడు జనవరి నెలాఖరు దాకా వాటి జాడ లేదు. గుల్మార్గ్ కూడా బోడిగా ఉందని టీవీలో చూపిస్తుంటే, స్లాబు డబ్బు కళ్లముందే కరిగిపోతున్నట్లనిపించింది. వానకోసం ఎదురుచూసే రైతుని చూశాం. మంచుకోసం ఆకాశంకేసి చూసే హోటలు కుర్రాణ్ని అక్కడే చూశాను. వాడి ఏడాది సంపాదన ఆ రెండు నెలల్లోనే.

మనాలీ చేరేసరికి మంచు మొదలైంది. సొలాంగ్ గురించి ఎక్కువ చెప్పను. అద్దె కోట్లు, ఫొటోలు, ట్యూబుల మీద జారుళ్లు... ఏడుపాయల జాతరే, కాకపోతే తెల్లగా ఉంటుంది. ఈ వాలుకు దగ్గర్లోనే, బురువా ఊళ్లో పుట్టిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో మన దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చింది. నేను తెచ్చుకున్నవి రెండు మోకాళ్ల మీద కమిలిన మచ్చలు. పడడం, లేవడం, అంతే నేర్చుకున్నాం. పడడానికీ పద్ధతి ఉందండీ. చేతులు ఆనించకూడదు, పక్కకు కూలబడాలి. లేచేటప్పుడు చెక్కల్ని వాలుకు అడ్డంగా పెట్టుకోకపోతే, లేచినట్టే లేచి మళ్లీ కిందికి పోతాం.

ఫిబ్రవరి మధ్యలో గుల్మార్గ్ చేరాం. 1927లోనే తెల్లదొరలు స్కీ క్లబ్బు పెట్టుకున్న చోటు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతం వాడే. ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. అక్కణ్నుంచి గండోలా రెండు అంచెల్లో అఫర్వట్ కొండ మీద సుమారు 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మొదటి అంచె 1998లో, రెండోది 2005లో వచ్చాయి. మావారు ఈ అంకెలన్నీ బట్టీపట్టి ఉన్నారు.

రెండోరోజు పొద్దున వాలు దగ్గరికి నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. పెదాలు నల్లబడ్డాయి. అక్కడి డాక్టరు వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఊళ్లో ఉండొచ్చు గానీ శ్రమ పడకూడదు, పైకి అసలే వెళ్లకూడదన్నారు. "వెళ్లిపోదామండీ" అన్నాను. "డబ్బు కట్టేశాం. నువ్వు నేర్చుకో" అన్నారు, నా మొహంకేసి చూడకుండా.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. కోరిక ఆయనది, చెక్కలేమో నా కాళ్లకి. ఆయన ఫెరన్ వేసుకుని కాంగ్డీ పట్టుకుని బెంచీ మీద కూర్చునేవారు. నాకేమో, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, బాగా నచ్చేసింది! ముందు వేళ్లు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి చెక్కల్ని వీ ఆకారంలో తోస్తే వేగం తగ్గుతుంది. ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద బరువెయ్యాలి. భయపడి వెనక్కి వాలామో, చెక్కలు మనల్ని వదిలి పరుగెడతాయి. పల్లం వైపే ఒంగాలి. నేర్పే కుర్రాడికి మన సంగారెడ్డి హిందీ భలే ముచ్చట. నేను "నక్కో నక్కో" అని అరిచినప్పుడల్లా వాడూ "నక్కో ఆంటీజీ" అనేవాడు. రాత్రి గదిలో ఇవన్నీ చెప్పాలని నాలుక మీదకొచ్చేది. ఆయన అటు తిరిగి పడుకునేవారు. నేను మోకాళ్లకు బామ్ రాసుకుంటూ ఊరుకునేదాన్ని.

అయితే నాదో చిక్కు. నాలుగు గజాలు జారానో లేదో చెక్క టప్పున ఊడిపోయేది. రోజుకు పదిసార్లు. బూటు సరిగా పట్టలేదని కుర్రాడు, నా కాలు వంకరని నేను. మూడోరోజు మావారు బెంచీ మీంచి లేచి వచ్చారు. ఊడిన చెక్క చేతిలోకి తీసుకుని బైండింగ్ తిప్పి చూశారు. అందులో స్ప్రింగు ఉంటుంది. పక్కన చిన్న కిటికీలో ఓ అంకె ఉంటుంది. "ఇదేంటి బాబూ?" అని కుర్రాణ్ని అడిగారు. మనిషి బరువు, వయసు, ఎత్తు, నేర్పు చూసి ఆ అంకె పెడతారట. దానికి మించి బలం పడితే బూటును వదిలేస్తుంది. లేకపోతే చెక్క మెలిపడ్డప్పుడు కాలు విరుగుతుంది.

"అంటే సేఫ్టీ వాల్వు!" అన్నారు మావారు. ముప్పై రెండేళ్ల వెలుగు వచ్చింది మొహంలోకి. "ఇంత ప్రెషర్ దాటితే తెరుచుకోవాలి. తక్కువకి సెట్ చేస్తే ఊరికే తెరుచుకుంటుంది." అని నావైపు తిరిగి, అందరి ముందూ, "ఏమోయ్, బరువెంతని రాయించావు?" అన్నారు.

నేను కొండలకేసి చూశాను.

"ఎంత?"

"యాభై ఎనిమిది."

"ఉన్నదెంత?"

ఆ అంకె ఇక్కడ రాయను. ఎనిమిది కిలోలు తగ్గించి చెప్పానని మాత్రం ఒప్పుకుంటాను. చెప్పులు కొనేటప్పుడు సైజు దాస్తామా? బరువు మాత్రం ఎక్కడైనా సరే నోరు దానంతటదే తగ్గించేస్తుంది. మావారు మాత్రం నవ్వలేదు. "తక్కువ చెప్పావు కాబట్టి చెక్క ఊడింది. ఎక్కువ చెప్పుంటే కాలు పోయేది" అన్నారు. కుర్రాడు స్క్రూ తిప్పుతుంటే ఒంగి చూశారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే నా రెండు బైండింగులూ ఆయనే చూసేవారు. బూటు క్లిప్పులూ ఆయనే బిగించేవారు. వారం తిరిగేసరికి అద్దె కొట్టు కుర్రాళ్లు "ఇంజనీర్ సాబ్" అని టీ పోయడం మొదలుపెట్టారు. రాత్రి కబుర్లు మళ్లీ మొదలయ్యాయి.

ఫిబ్రవరి 21 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మొదలయ్యాయి. అంతకుముందు రెండు మూడు రోజులు దట్టంగా కురిసింది. 22న పైన హిమపాతం విరుచుకుపడి ఒక విదేశీ స్కీయరు చనిపోయాడు. పాత పొర మీద కొత్త మంచు అతుక్కోకుండా బరువెక్కితే అలా జారిపోతుందట. మేముండేది పిల్లలు జారే వాలు దగ్గర, అయినా మా అబ్బాయి ఫోను మీద ఫోను. ఆ సాయంత్రం మావారు నా చేత చెక్కలు విప్పించేశారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్రపట్టలేదు.

మూడోనాడు మళ్లీ కట్టుకున్నాను. ఆ వాలు మహా అయితే వంద గజాలుంటుంది. పైనుంచి కిందిదాకా, నాలుగు మలుపులు తిరిగి, పడకుండా వచ్చాను. ఒకసారే లెండి, రెండోసారి కంచెలోకి పోయాను. కింద ఆయన ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నారు. "లెఫ్ట్ టర్నులో వెనక్కి వాలుతున్నావు" అన్నారు. కాళ్లకి చెక్క కట్టి మూడు గజాలు జారని మనిషి!

స్లాబు ఇంకా పడలేదు. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక గుల్మార్గ్ పోటీలు మార్చికి వాయిదా పడ్డాయి. ఏప్రిల్లో పహల్గాం దారుణం తర్వాత కశ్మీరు పేరెత్తొద్దని పిల్లలు కేకలేశారు. మావారు ఏమీ అనలేదు. పేపర్లో మన ఊరి ఎండ చూశాక శ్రీనగర్ ఉష్ణోగ్రత ఎంతో కూడా చూస్తారు. ఆ తర్వాత ఓ రోజు పటాన్‌చెరు వెళ్లి కూరగాయలతో పాటు బరువు చూసుకునే మిషనొకటి కొనుక్కొచ్చారు. హాల్లో టీవీ కింద పెట్టారు. పక్కింటావిడ వచ్చినప్పుడల్లా ఎక్కి చూసుకుని పోతోంది.

నేనింకా ఎక్కలేదు.