బుడమేరు వరదకు కొల్లేరు చట్టం అడ్డా?

ఖమ్మం జిల్లా మధిర పక్కన పారే వైరా ఏరు మున్నేరులో, మున్నేరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. దిగువన కృష్ణ నిండుగా పారుతున్న వేళ, బుడమేరు వాగు నీటిని కృష్ణకు మళ్లించే కాలువకు గండ్లు పడి, ఆ వరద విజయవాడ సింగ్‌నగర్‌ను చుట్టుముట్టింది.

బుడమేరు సహజంగా చేరేది కొల్లేరు సరస్సుకే. అటు వెళ్లే కాలువను వెడల్పు చేసి నీటిని త్వరగా పంపేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అభయారణ్యంలోకి వచ్చే, పోయే నీటిని మళ్లించాలన్నా, ఆపాలన్నా, పెంచాలన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ కింద అనుమతి తప్పనిసరి. ఆ పని వన్యప్రాణులకు మేలు చేస్తుందని కూడా తేలాలి. కొల్లేరులోని ఆటపాక గూడబాతు పక్షుల కోసం మనుషులు మునగాలా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఆ ప్రశ్నే తప్పు.

కొల్లేరులో నీటికి అడ్డం పడ్డవి చేపల చెరువుల గట్లు. 2006లో పెద్ద ఎత్తున కొట్టేసినా మళ్లీ లేచాయి. సరస్సు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు. అది పూడితే ముందు మునిగేది లంక గ్రామాలే. గట్లు తొలగించడం, ఉప్పుటేరు పూడిక తీయడం పక్షికీ మనిషికీ మేలే. అందుకే బుడమేరు కాలువ డిజైన్ గీస్తున్నప్పుడే అటవీ శాఖను కూర్చోబెట్టాలి, చెరువులు కోల్పోయే చిన్న రైతులకు బతుకుదెరువు చూపాలి.