తుంగభద్రలో చేరిన మట్టి ఎక్కడిది?

జలవనరుల, వాటర్‌షెడ్ శాఖల ఉన్నతాధికారులకు,

తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు నిల్వ దాదాపు 133 టీఎంసీలు. 2016 సర్వేలో తేలింది 105.788. తేడా ఒండ్రు మింగిందే. అదంతా చేల మట్టేనని, గట్లు వేస్తే ఆగిపోతుందని అనేయడం తేలిక.

చేలో నేలకోతను కొలిచే ప్రామాణిక మడి పొడవు 22 మీటర్ల చిల్లర. చినుకు దెబ్బకు చెదిరి, పల్చటి నీటి పొరతో జారిన మట్టి దాని చివరి తొట్టిలో పడుతుంది. అలా హెక్టారుకిన్ని టన్నులని తేల్చి, దాన్ని పరీవాహకమంతటికీ అంటగడితే లెక్క తప్పుతుంది. పెద్ద వాన వెలిశాక చేను దిగువ గట్టు దగ్గర చూడండి: ముతక ఇసుక అక్కడే మేట వేస్తుంది, బంకమన్ను బురదనీళ్లతో సాగిపోతుంది. ఎగువన లేచిన మట్టిలో చాలా భాగం నది ముఖమే చూడదు. (రైతుకు మాత్రం పోయింది పోయినట్టే.) వాగు దగ్గరికొస్తే తంతు వేరు. అక్కడ గండ్లు పడతాయి, ఒడ్లు విరిగిపడతాయి. మడి లెక్కలో వీటి ఊసే ఉండదు.

అందుకే అడుగుతున్నాను: ఒక ఉపనదిని ఎంచుకుని చేను, వాగు, నది మూడు చోట్లా ఒకే వానాకాలంలో ఒండ్రు కొలిపించండి. వరద పారే రోజుల్లోనే, అర్ధరాత్రయినా సరే, నమూనాలు తీయించండి. ఏడాది ఒండ్రులో సింహభాగం అప్పుడే కొట్టుకొస్తుంది. ఎక్కడి మట్టో తేలాకే చెక్‌డ్యాంలకు టెండర్లు పిలవండి.

ఇట్లు,
దిగువ కాలువ ఆయకట్టు రైతు