తుపాకి వచ్చింది.. చేతికి రాలేదు!

కాటారంలో తుపాకి అన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు. ఒకవైపు మంథని, ఇంకోవైపు భూపాలపల్లి, మరోవైపు మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం.. దారులు కలిసే ఊరది. చుట్టూ అడవి. ఒకప్పుడు రాత్రిపూట ఊళ్లోకొచ్చే అన్నల భుజాన తుపాకి. తెల్లారితే వాళ్లను వెతుక్కుంటూ వచ్చే పోలీసుల భుజాన తుపాకి. ఈ మండలంలోని ధన్వాడకు చెందిన మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును 1999లో నక్సలైట్లు కాల్చి చంపారు. పాతికేళ్లు గడిచినా పెద్దవాళ్లు ఆ సంగతి మరిచిపోలేదు. 2024 ఫిబ్రవరిలో ఇదే మండలంలోని అడవిలో కూంబింగుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు, వేటగాళ్లు జంతువుల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అలాంటి చోట పుట్టిన ఓ అమ్మాయి ఎన్‌సీసీ క్యాంపు నుంచి ఇంటికొచ్చి ‘నాన్నా, నేను రైఫిల్ షూటర్‌ని అవుతా’ అందనుకుందాం. ఆ తండ్రి ముందు నవ్వుతాడు. తర్వాత భయపడతాడు. బిడ్డ పట్టు విడవకపోతే ఎవర్నో ఒకర్ని అడిగి అసలు సంగతి కనుక్కుంటాడు. అప్పుడు తెలుస్తుంది.. గురి కుదరడం కన్నా కష్టమైన పని ఇంకొకటుందని. అదే, రైఫిల్ చేతికి రావడం!

అంచును కొడితే పేలేది

ఎన్‌సీసీ క్యాంపులో క్యాడెట్లు నేలమీద బోర్లా పడుకుని పేల్చే రైఫిల్ గుర్తుందా? దాన్నే ‘పాయింట్ టూటూ’ అంటారు. గొట్టం లోపలి కొలత అంగుళంలో దాదాపు 22 వంతులు.. అంటే నూటికి 22 వంతులన్నమాట. తూటా పొడవు దాదాపు అంగుళం. సీసపు ముక్క బరువు రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్యలో నిప్పు పుట్టించే చిన్న మూత ఉంటుంది. దీనికి అది ఉండదు. ఇత్తడి తొడుగు అడుగున చుట్టూ ఉండే అంచులోనే ఆ మందు దట్టిస్తారు. పిన్ను వచ్చి అంచును కొడితే చాలు, పేలుతుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అన్నారు. ఇప్పటి ‘లాంగ్ రైఫిల్’ రకం తూటా 1887 నాటిది. చప్పుడు తక్కువ, వెనక్కి తన్నడం తక్కువ, ఖర్చూ తక్కువ. ప్రపంచమంతా గురి నేర్చుకునే పిల్లలకు పెద్దబాలశిక్ష లాంటిది.

అలాగని బొమ్మ కాదు. మనిషికి తగిలితే ప్రాణం తీస్తుంది. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ దీనితోనే. యాభై మీటర్ల దూరాన ఉన్న లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత! 2024 పారిస్‌లో ఈ పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలేది కొల్హాపూర్ జిల్లాలోని కంబళ్‌వాడి అనే పల్లెటూరు. అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్. మన గగన్ నారంగ్ పేరు చెప్పగానే 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గుర్తొస్తుంది గానీ, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అతను కొట్టిన నాలుగు స్వర్ణాల్లో రెండు ఈ పాయింట్ టూటూ రైఫిల్‌తో వచ్చినవే. హైదరాబాద్ అమ్మాయి ఈషాసింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పిస్టల్ తూటా కూడా రిమ్‌ఫైరే.

ఏ గడిలో పెడతారు?

మన దేశంలో తుపాకి అంటే ఇనుము, చెక్క మాత్రమే కాదు. అదొక గడి. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 1962లో వచ్చిన నిబంధనలు, వాటి స్థానంలో 2016లో వచ్చిన కొత్త నిబంధనలు.. అన్నింటి చివరా ఒక పట్టిక ఉంటుంది. ఏ ఆయుధం ఏ కేటగిరీయో అందులో చూసుకోవాలి. 1962లోనే పట్టిక రాసినవాళ్లు రిమ్‌ఫైర్ పాయింట్ టూటూను పెద్ద రైఫిళ్లనుంచి విడదీసి వేరే చోట కూర్చోబెట్టారు. రెండూ ఒకటి కావని అప్పుడే తెలుసు. అయితే అదే తూటా వేసే రైఫిల్ ఒక గుండు పేలగానే తనంతట తానే రెండోది ఎక్కించుకునే రకమైతే, సెమీ ఆటోమేటిక్ అన్న ముద్రతో నిషిద్ధ ఆయుధాల వైపు జరిగిపోయేది. తూటా అదే, గొట్టం అదే. మారేదల్లా గడి.

ఎయిర్ రైఫిల్‌ది ఇంకో కథ. 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ దగ్గరే మొదలుపెట్టడానికి, చాలామంది అక్కడే ఆగిపోవడానికి ఇదొక కారణం. పది మీటర్ల నుంచి యాభై మీటర్లకు జరగడమంటే నలభై మీటర్లు వెనక్కి వెళ్లడం కాదు. గడి మారడం.

ఇక కస్టమ్స్ వారి పుస్తకంలో గడులు వేరు. పేలుడు మందుతో కాల్చే ఆటల తుపాకులు ఒక పద్దు. గాలితో పనిచేసేవి మరో పద్దు. విడిభాగాలు ఇంకో పద్దు, తూటాలు వేరే పద్దు. ఒక్క రైఫిల్‌తోపాటు ఓ అదనపు బ్యారెల్, గుప్పెడు తూటాలు తెప్పించుకుంటే ఒకే పెట్టెలో మూడు పద్దులు. హోంశాఖ కాగితంలో ఒక పేరు, దిగుమతి లైసెన్సులో ఇంకో పేరు, అమ్మినవాడి బిల్లులో మూడో పేరు పడితే.. పెట్టె ముందుకు కదలదు.

చెట్టు ముందా, విత్తు ముందా?

మామూలు పౌరుడు విదేశీ తుపాకి తెప్పించుకునే దారి 1980లలోనే మూసుకుపోయింది. పేరున్న షూటర్లకు, రైఫిల్ క్లబ్బులకు మాత్రం కిటికీ తెరిచి ఉంచారు. సొంత వాడకానికి, కేంద్ర క్రీడాశాఖ సిఫార్సుతో తెప్పించుకోవచ్చు. ఆ సిఫార్సుకు ముందు జాతీయ రైఫిల్ సంఘం కాగితం కావాలి. విదేశీ వాణిజ్య శాఖ నుంచి దిగుమతి లైసెన్సు. ఊళ్లో పోలీసుల విచారణ, ఆయుధ లైసెన్సు. ఆ పైన విమానాశ్రయంలో కస్టమ్స్ తనిఖీ. నిబంధనల్లో ‘పేరున్న షూటర్’ అంటే ఎవరు? జాతీయ పోటీల్లో పాల్గొని నిర్ణీత స్కోరు సాధించినవారు. ఆ స్కోరు రావాలంటే మంచి రైఫిల్ ఉండాలి. మంచి రైఫిల్ కావాలంటే ఆ స్కోరు ఉండాలి!

ఈ మెలిక విప్పుకోవడానికి పిల్లలు క్లబ్బు రైఫిళ్ల మీద ఆధారపడతారు. పదిమంది భుజాలు మారిన రైఫిల్ అది. చెంప ఆనే చోటు ఒకరికి ఎత్తు, ఒకరికి పల్లం. కుర్తా అందరికీ ఒకే కొలతన కుట్టినట్టు. ఆ క్లబ్బు కూడా కాటారంలో ఉండదు. రాష్ట్రంలో పేరున్న రేంజి హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు. రెండొందల కిలోమీటర్లకు పైమాటే.

‘సందేహం’ అన్న ఒక్క మాట

అన్ని కాగితాలూ పట్టుకుని వెళ్లినా రైఫిల్ ఎందుకు ఆగుతుంది? ఆయుధాల చట్టం పదో సెక్షన్‌లో దీనికి సగం జవాబుంది. ఆయుధం తెచ్చుకున్న మనిషికి మినహాయింపు వర్తిస్తుందా లేదా అని కస్టమ్స్ అధికారికి సందేహం వస్తే, విషయాన్ని కేంద్ర ప్రభుత్వానికి నివేదించి, జవాబు వచ్చేదాకా ఆ ఆయుధాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. చట్టంలో సందేహానికి చోటుంది. సందేహం ఎన్నాళ్లలో తీరాలన్నదానికే చోటు లేదు.

ఆ అధికారిని తిట్టి లాభం లేదు. అతని బల్ల మీదికి రోజూ వచ్చేవి బంగారం, సిగరెట్లు, సెల్‌ఫోన్లు. ఎప్పుడో ఒక రైఫిల్. పొరపాటున వదిలేస్తే ఉద్యోగం పోతుంది. పొరపాటున ఆపితే ఏమీ కాదు. ఆ రెండింటి మధ్య ఎవరైనా ఏం చేస్తారు? ఆపుతారు. తప్పు మనిషిది కాదు, తక్కెడది.

2017 మే నెలలో విదేశాల్లో పోటీలు ముగించుకుని వచ్చిన భారత షూటర్లను ఢిల్లీ విమానాశ్రయంలో తుపాకుల తనిఖీ పేరుతో గంటల తరబడి నిలబెట్టారు. 2008 బీజింగ్ స్వర్ణ విజేత అభినవ్ బింద్రా బాహాటంగానే అడిగాడు.. క్రికెట్ జట్టునైతే ఇలాగే చూస్తారా అని. అవేమీ కొత్తగా కొన్న తుపాకులు కావు. ఇక్కడినుంచి పట్టుకెళ్లి, మళ్లీ పట్టుకొచ్చినవి. వాటి గతే అలా ఉంటే, మొదటిసారి గడప దాటి వచ్చే రైఫిల్ సంగతి చెప్పాలా?

అక్కడా ఇదే గోల

ఈ తలనొప్పి మనకొక్కరికే లేదు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ అనే చోట ఓ దుండగుడు 35 మందిని చంపాడు. ఆ తర్వాత ఆ దేశం తుపాకులన్నింటినీ అక్షరాల వారీగా విడగొట్టింది. చేత్తో గుండు ఎక్కించుకునే రిమ్‌ఫైర్ రైఫిల్‌ను తేలికైన ‘ఎ’లో పెట్టి, తనంతట తాను ఎక్కించుకునే రిమ్‌ఫైర్‌ను కఠినమైన ‘సి’లో పెట్టింది. అదే ఏడాది స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్‌లో ఓ బడిలో 16 మంది పసిపిల్లలు, వాళ్ల టీచరు బలైపోయారు. బ్రిటన్ 1997లో పాయింట్ టూటూ పిస్టళ్లతో సహా చేతి తుపాకులను నిషేధించింది. ఫలితంగా ఆ దేశపు పిస్టల్ షూటర్లు సాధనకోసం పరాయిదేశం పోవాల్సి వచ్చింది. తమ గడ్డమీదే 2012 ఒలింపిక్స్ జరుగుతుంటే, వాటికోసం ప్రత్యేక మినహాయింపు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి, ఆటకోసం చట్టం సడలించమని ఎవరడగగలరు? కాటారంలోనూ అంతే. భయానికి కారణం లేకపోలేదు. కాబట్టి అడగాల్సింది కట్టడి తీసేయమని కాదు. కట్టడికి ఒక గడువు పెట్టమని.

తూటాల లెక్క

రైఫిల్ చేతికొచ్చినా కథ కంచికి చేరదు. పోటీలో 60 గుళ్లు. సాధనలో రోజుకు కనీసం వంద వేసుకున్నా, పాత నిబంధన ప్రకారం ఏడాదికి ఇచ్చిన 1000 తూటాలు పదిరోజులకే చెల్లు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఆ హద్దును 5000కు పెంచింది. అంతర్జాతీయ పతక విజేతలు ఉంచుకోగల ఆయుధాల సంఖ్యనూ పెంచింది. మంచి పనే. అయినా యాభై రోజుల లెక్కే.

పైగా తూటాలన్నీ ఒకటి కావు. ఒకే కంపెనీ, ఒకే పేరు.. కానీ ఒక విడతలో తయారైనవి ఈ గొట్టంలో ఒకేచోట గుమిగూడతాయి, మరో విడతవి చెదిరిపోతాయి. వరి విత్తనం మూట మూటకీ మొలక మారినట్టు. పెద్ద షూటర్లు తమ బ్యారెల్‌కు నప్పిన విడతను వెతికి పట్టుకుంటారు. ఆ పెట్టె గోదాములో ఆగిపోతే, దొరికిన తూటాలతో కాల్చాలి. చొక్కా గుండీ అంత వలయంలో ఆ తేడా చాలు, పతకం జారిపోవడానికి.

పోయేది రోజులు కాదు

జూనియర్ స్థాయి పోటీలకు వయసు హద్దు 21. పదహారేళ్ల పిల్లకు రైఫిల్ ఏడాది ఆలస్యమైతే, ఉన్న ఐదేళ్లలో ఒకటి పోయినట్టే. ఫైలుకు వయసు పెరగదు, పిల్లకు పెరుగుతుంది.

చేయగలిగినవి లేకపోలేదు. హోంశాఖ, క్రీడాశాఖ, కస్టమ్స్ కలిసి ఆటల ఆయుధాలకు ఒకే పట్టిక, ఒకే పేరు వాడితే సగం సందేహాలు పుట్టకుండానే పోతాయి. ఆపిన ఆయుధానికి కారణం రాసిచ్చి, ఇన్ని రోజుల్లో తేలుస్తామని గడువు పెడితే మిగతా సగంలో సగం పోతాయి. ఉమ్మడి జిల్లాకొక రేంజి, అందులో పోలీసుల తాళం కింద నాలుగు మంచి పాయింట్ టూటూ రైఫిళ్లు ఉంటే, సొంతంగా తెప్పించుకోవాల్సిన అవసరమే చాలామందికి రాదు. తుపాకి ఇంట్లో ఉండదు కాబట్టి భయమూ ఉండదు.

తల్లిదండ్రులు చూసుకోవాల్సిందీ ఉంది. డబ్బు కట్టకముందే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. రైఫిల్ రకం, కొలత, నంబరు, విడిభాగాల పేర్లు అన్నింట్లో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. పిల్ల మొదటి రెండు మూడేళ్లు ఎయిర్ రైఫిల్‌తో గడిపితే నష్టం లేదు. నిలబడటం, ఊపిరి బిగబట్టడం, వేలు మెల్లగా నొక్కడం.. అన్నీ అక్కడే వస్తాయి. వాటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

తుపాకి భయంతో పెరిగిన కాటారంలో ఒక పిల్ల దాన్ని ఆటగా చేతబట్టడం చిన్న సంగతి కాదు. కొల్హాపూర్ పల్లెకు పతకం వచ్చినట్టు ఈ అడవి ఊరికీ రావచ్చు, రాకపోవచ్చు. వస్తుందో రాదో తేల్చాల్సింది మాత్రం ఆ పిల్ల గురి.. గోదాములో దుమ్ము పట్టిన పెట్టె కాదు.